బాలింత కుక్క మూతికి తవుడు

మా కుక్క ఈనినప్పుడు నేను చెప్పిన సంగతి ఇంట్లో ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు. అంతకు ముందు వారమే, మా తోటలో కొబ్బరికాయ పడిన అదురుకి ద్రాక్షారామంలో గుడిగంట మోగిందని చెప్పి ఉన్నాను.

తొంభైల్లో మాట. ఐదు పిల్లల్ని పెట్టింది. బయట తొమ్మిదని చెప్పాను గానీ, రాసేటప్పుడు ఐదే.

మా అత్తగారు దాన్ని పురిటి మనిషిలాగే చూశారు. కొబ్బరికాయల కొట్టులో గోనెపట్టా పరిచి, సాంబ్రాణి వేసి, వెల్లుల్లి కారం కలిపిన వేడన్నం పెట్టారు. బాలింతలకి పెట్టే కాయం ఉండ చేసి నోట్లో పెడితే, అది నా కాలి మీద ఉమ్మింది. నీళ్ళు మాత్రం పూటకి అరగ్లాసు, అదీ కాచి చల్లార్చినవి. బాలింత నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకి జలుబు చేస్తుందని ఆవిడ నమ్మకం. మనిషికీ కుక్కకీ తేడా ఉంటుంది కదండీ అన్నాను.

"కన్నాక అందరూ బాలింతలేనమ్మా" అన్నారు.

మూడో రోజుకి పాలు తగ్గాయి. పిల్లలు చన్ను పట్టడం, వదిలేసి ఏడవడం. అన్నిట్లోకీ చిన్నది, నెత్తిన తెల్లమచ్చ ఉన్నది, నాలుగో రోజుకి ఏడవడం కూడా మానేసింది. నాకు భయం వేసింది. అత్తగారికీ వేసింది. ఆవిడ కారం ఇంకాస్త పెంచారు.

నాకు అంతుపట్టనిది ఇంకోటి ఉంది. రోజూ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసి లేచేసరికి కుక్క మూతికి తవుడు అంటుకుని ఉండేది. కొట్టులో చిటికెడు తవుడు లేదు. తలుపుకి గడియ. ఐదో రోజు నేను పడుకోకుండా గోడ చాటున నక్కాను. తలుపు అడుగున చెక్క ఊడిన సందులోంచి, పొట్ట నేలకి ఈడ్చుకుంటూ అది బయటికొచ్చింది. తిన్నగా పాకలోకి వెళ్ళి, గేదె మూతి పక్కనే మూతి పెట్టి తవుడు కలిపిన కుడితి తొట్టిలో నీళ్ళు తాగింది. గేదె ఓసారి చూసి, కాస్త పక్కకి జరిగింది. ఆ జరగడం కూడా నిజమే.

అత్తగారికి చెబితే, మొన్న గుడిగంట కూడా ఇలాగే మోగింది అన్నారు. మర్నాడు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గోడ చాటున నిలబెట్టాను. చూశారు. తరవాత నా వైపు తిరక్కుండానే అడిగారు.

"నీ రెండో కానుపు ఇక్కడే కదా. నువ్వెక్కడ తాగావు?"

అబద్ధాలు నాలుగైదు నాలిక మీదే ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"స్నానానికి తోడిన నీళ్ళండి."

ఆవిడ తల ఊపారు. "నేను కాలవలో. పిల్లాడి గుడ్డలు ఉతికే వంకతో."

లోపలికి వెళ్ళి సత్తు గిన్నె నిండా నీళ్ళు తెచ్చి కుక్క ముందు పెట్టారు. అది తాగుతుంటే రెండుసార్లు నింపారు. నేను నాలుగని చెబుతుంటాను.

రెండు రోజులకి తెల్లమచ్చది మిగతావాటిని తోసుకుని చన్ను పట్టింది. దాని గుటక వినడానికి మేమిద్దరం కొట్టులో నేల మీదే కూర్చున్నాం. అత్తగారు మాత్రం కొంగుతో కుక్క చెవులు కప్పుతూనే ఉన్నారు, చలిగాలి తగులుతుందని.