ఏడో చువ్వ దగ్గర ఇసుక

సముద్ర పరిశోధన కేంద్రంలో మా పెదనాన్నను అందరూ గడియారం అని పిలిచేవారు. ఆటు వేళ నీళ్లు ఎప్పుడు వెనక్కి తీస్తాయో పట్టిక చూడకుండానే చెప్పేవాడు. పదిహేనేళ్లు కేంద్రం పడవ నడిపాడు. మోకాళ్లు అరిగాక గడ్డి లెక్క ఆయన పనయింది.

సముద్రపు గడ్డి అది. ఒడ్డుకు దగ్గర్లో నీళ్ల అడుగున పెరుగుతుంది. చేపపిల్లలు దాక్కునేది అందులోనే. కేంద్రంలో సముద్ర శాస్త్రవేత్త ఒకావిడ ఉండేది, మేమంతా మేడమ్ అనేవాళ్లం. ఆవిడ ఆ గడ్డిలో పన్నెండు ఇనుప చువ్వలు పాతించి అంకెలు వేయించింది. నెలకు రెండుసార్లు, నీళ్లు బాగా తీసినప్పుడు, ప్రతి చువ్వకు కుడిపక్కన పైపు ముక్కల చట్రం పెట్టి లోపల ఎన్ని పిలకలున్నాయో చూడాలి. పెదనాన్న చూపు మందగించినా వేళ్లతో తడిమి లెక్కపెట్టేవాడు. రాయడానికి నన్ను తీసుకెళ్లేవాడు. అమ్మకు జబ్బు చేసి నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. తడికి సిరా నిలవదని పెన్సిల్ ఇచ్చారు. నేను అసలు మాట్లాడేదాన్ని కాదు. "మా గుమస్తా నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయం" అని పడవవాళ్లతో చెప్పి నవ్వేవాడు.

ఐదేళ్ల కిందట రేవు కాలువ లోతు చేయడం మొదలుపెట్టారు. తవ్విన బురదను గడ్డికి దగ్గర్లోనే పోసేవారు. ఒకరోజు ఏడో చువ్వ దగ్గర చట్రం పెడితే లోపల ఉత్త ఇసుక. పెదనాన్న చాలాసేపు తడిమాడు. తర్వాత చట్రం ఎత్తి, నాలుగడుగులు పక్కకు నడిచి, గడ్డి ఉన్నచోట పెట్టాడు.

"నలభై ఒకటి. రాయి."

నేను పెన్సిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు.

"గడ్డి లెక్కపెట్టమన్నారు గానీ ఇసుకను కాదు కదమ్మా. ఆవిడ దీన్ని కన్నబిడ్డలా చూసుకుంటోంది. రోగి ఇంటివాళ్లకి ఉన్నదున్నట్టు మొహం మీద చెప్పేస్తామా?"

రాశాను. నాలుగడుగులు పదయ్యాయి, ఇరవయ్యాయి. ఏడో చువ్వ తర్వాత ఐదోది, తొమ్మిదోది కూడా ఇసుకలో కలిశాయి. మూడేళ్లు ఆయన చెప్పాడు, నేను రాశాను. అది తప్పని నాకు తెలుసు.

నీళ్లు మసకబారడం చూసి, బురద పోయడం ఆపించాలని మేడమ్ అర్జీ పెట్టింది. విచారణలో అధికారులు మా పుస్తకాన్నే ఆవిడ ముందు తెరిచారట. మూడేళ్లలో గడ్డి తగ్గనే లేదు, ఇక అభ్యంతరమేమిటని అడిగి, ఇంకో రెండేళ్లు పోసుకోమని అనుమతి ఇచ్చేశారట.

మరుసటిసారి నీళ్లు తీసినప్పుడు మేడమ్ తనే వచ్చి చువ్వ చువ్వకూ నడిచింది. తిరిగొచ్చాక మమ్మల్ని సముద్రజీవుల సీసాలుండే గదిలోకి పిలిచింది. ఆవిడ చీర కుచ్చిళ్ల నుంచి నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. బల్ల మీద మా పుస్తకం ఉంది.

"పెద్దాయనా, చట్రం ఎక్కడ పెట్టావు?"

"గడ్డి ఉన్నచోట మేడమ్."

ఆవిడ అరవలేదు. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"నాకు కావలసింది ఆ సున్నాలే. అవి ఉంటే బురద ఆపించేదాన్ని."

"అమ్మాయిదేం లేదు, నేను చెప్పిందే రాసింది" అన్నాడు పెదనాన్న. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. ఎదురుగా సీసాలో ఉన్న నక్షత్రచేప వైపు చూస్తూ నిలబడ్డాను.

మేడమ్ ఆ మూడేళ్ల లెక్కలూ కొట్టేసి, జరిగింది జరిగినట్టు అధికారులకు రాసింది. మూడేళ్లవి తప్పయితే అంతకు ముందువి మాత్రం ఎలా నమ్మాలని జవాబొచ్చింది. అనుమతి అలాగే ఉండిపోయింది.

పెదనాన్నను మానేయమని ఆవిడ అనలేదు. ఆయన్ని కుంగదీసింది అదే. "నాలుగు తిట్టినా బాగుండేది, దులుపుకునేవాణ్ణి" అనేవాడు ఇంట్లో, కంచం ముందు కూర్చుని. కానీ పని మానలేదు. ప్రతి చువ్వకూ కుడిపక్కనే చట్రం పెట్టేవాడు. గడ్డి ఉన్న రోజుల్లో ఎంతసేపు తడిమేవాడో ఇసుకనూ అంతసేపు తడిమి, "సున్నా" అనేవాడు. ఏడాది తిరిగేసరికి పన్నెండు చువ్వల దగ్గరా అదే మాట.

ఈ వానల్లో ఊపిరితిత్తులకు నెమ్ము చేరి మంచం పట్టాడు. చివరిరోజు పొద్దున నేను మందు తాగించబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఎల్లుండి ఆరున్నరకి నీళ్లు తీస్తాయి. కుడిపక్కనే పెట్టమ్మా. జరపకు."

ఆయన చెప్పిన రోజుకు వెళ్లలేకపోయాను, ఇంటినిండా మనుషులు. మళ్లీ నీళ్లు బాగా తీసిన రోజున చట్రం భుజాన వేసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. ఏడో చువ్వ తుప్పు పట్టి కొంచెం ఒరిగింది. కుడిపక్కన చట్రం పెట్టి, వంగి, నాలుగు మూలలూ తడిమాను. సున్నా అని పైకి అని, రాసుకున్నాను.