మిషన్ మేడెక్కిన రోజు

ఆ వీధిలో వయసు అడిగితే ఎవరూ ఏళ్లలో చెప్పరు. "బల్లల వరదకి నేను చంకలో పిల్లనట" అంటారు, "తలుపుల వరదప్పుడు మావాడు కడుపులో ఉన్నాడు" అంటారు. కొండల మీంచి దిగే వాగు ఆ లోయని ముంచినప్పుడల్లా ఏం ఎత్తుకుపోయిందో దాన్నిబట్టే వరదకి పేరు. బడిలో బల్లలు తేలుకుంటూ పోయినది బల్లల వరద. వడ్రంగి కొట్లోంచి కొత్త తలుపులు కొట్టుకుపోయినది తలుపుల వరద. ఆ తలుపులు దిగువన ఎవరెవరి గుమ్మాలకో అమిరిపోయాయి. పాపం వడ్రంగి ఇప్పటికీ అటువైపు వెళ్తే ప్రతి గుమ్మం వంకా అనుమానంగానే చూస్తాడు.

మిషన్ పిన్నికి మాత్రం వరదలంటే వేరే గుర్తు. అవి వాళ్లక్క తనతో మాట్లాడిన రోజులు.

పిన్ని అని వీధంతా పిలవడమేగానీ ఆవిడకి పిల్లల్లేరు, పెళ్లీ కాలేదు. సంబంధాలు చూసే వయసులో అమ్మ మంచాన పడింది, ఆ తర్వాత చూసేవాళ్లు లేరు. కింద వాటాలో, వీధి గదిలో తొక్కుడు మిషన్ పెట్టుకుని బడి పిల్లల బట్టలూ, గౌన్లూ, దిండు గలీబులూ కుట్టేది. పై వాటాలో అక్క. భర్త పోయాక పుట్టింటికే వచ్చేసి, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది. ఊరందరి మాటలూ కలిపి, ఇంటికొచ్చి సొంత చెల్లెలితో మాట కలపని మనిషి. ఏం చెప్పమంటారు?

అమ్మ పోయిన వారంలోనే వచ్చింది ఆ తంటా. "రాత్రీ పగలూ నీ మిషన్ చప్పుడే. అమ్మకి కంటినిండా నిద్రన్నా లేకుండా చేశావు" అనేసింది అక్క. ఆ మిషన్ తొక్కితేనే అమ్మకి మందులొచ్చేవి. ఆ సంగతి అక్కకీ తెలుసు. దుఃఖంలో నోరు జారింది. జారితే జారింది, మర్నాడు "పోనీలేవే" అంటే అరిగిపోతుందా? అనలేదు. ఈవిడన్నా "అలా అన్నావేంటే అక్కా" అని ఏడ్చి దులిపేసుకుందా? అదీ లేదు. ఇద్దరికీ అమ్మ పంతం వచ్చిందిగానీ అమ్మ నవ్వు ఒక్కరికీ రాలేదు. అప్పట్నుంచి ఎడమొహం పెడమొహం.

అయితే వాగుకి వీళ్ల పంతాలతో పని లేదు. ఇక్కడ ఎండ కాస్తుండగానే కొండల్లో ఎక్కడో వాన పడుతుంది, చెప్పాపెట్టకుండా ఎర్రనీళ్లు వీధిలోకొస్తాయి. మేడ మీంచి కొండలు కనిపిస్తాయి. అటు నల్లగా కమ్ముకుందంటే అక్క గరిటె తీసుకుని మెట్ల కమ్మీ మీద టంగుటంగున కొట్టేది. నోరు విప్పకూడదు కదా మరి. అది వినగానే పిన్ని మిషన్ మీద బట్టలు తీసేసి సిద్ధంగా నిలబడేది. ఇనప కాళ్ల మిషన్, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. పైవైపు అక్క, కిందివైపు చెల్లి, మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కించాలి. అంత బరువు మోస్తూ మూతి బిగించుకుంటే కుదురుతుందా? "కాస్త ఎత్తవే." "నీ వైపే వంగింది చూడు." "వేలు జాగ్రత్త." అలా మొదలయ్యేవి మాటలు.

తలుపుల వరదకి కింద కిటికీ దాకా నీళ్లొచ్చి ఎంతకీ తీయలేదు. అన్నాళ్లూ పైన ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే దుప్పటి. అచ్చం చిన్నప్పటి లెక్కల టీచరులా గొంతు మార్చి అక్క తిడుతుంటే పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. కింద తన సామానంతా నానుతోంది, ఈవిడకి నవ్వు. నీళ్లు తీశాక బురద ఎత్తడానికి అక్క కూడా పార పట్టుకుని దిగింది. మిషన్ కిందికి చేరింది. మర్నాటి నుంచి మళ్లీ ఎవరి వాటా వాళ్లది. కోపం ఎప్పుడో పోయింది. వరద లేకుండా మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

ఇంతలో వాగు పొడవునా ఎత్తుగా రాతిగోడ కట్టారు. వీధంతా హమ్మయ్య అనుకుంది. పిన్ని కూడా అందరితో పాటు సంతోషపడింది, ఇంట్లోకొచ్చి మిషన్ ముందు కూర్చున్నాక దీన్నింక మేడెక్కించే పనుండదని తట్టింది. వానాకాలాలు వచ్చాయి, పోయాయి. గోడ గట్టిది, నిలబడింది. గరిటె మోగలేదు.

పైన అక్క నడక మాత్రం వినిపించేది. ఒకప్పుడు దబదబా నడిచిన మనిషి, ఇప్పుడు అడుగు తీసి అడుగు వేయడానికి ఆగుతోంది. మోకాళ్లేమో అని పిన్ని కుట్టు ఆపి పైకి చూసేది. వెళ్లి అడగాలని మెట్ల దాకా వెళ్లేది. ఏమని అడగాలో తోచక, మెట్లు తుడిచి వెనక్కొచ్చేది. ఆ వీధిలో అంత శుభ్రమైన మెట్లు ఇంకే ఇంటికీ లేవు. మబ్బు పట్టినప్పుడల్లా వాగు వంక ఆశగా చూసేది. నలుగురి కొంపలూ మునగాలని కోరుకుంటున్నానా అని తనని తనే తిట్టుకునేది.

తర్వాత్తర్వాత రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టు తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి చూపూ ఆనడం లేదు. పిన్ని మిషన్ మీద గుడ్డ కప్పేసింది. వారం పోయాక పాత సామాన్లవాడిని పిలిచి చూపించింది. "మధ్యాహ్నం బండి తెస్తాను పిన్నీ" అని గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. వాడిది మామూలు గొంతు కాదు, మేడ మీదికే కాదు, వాగు అవతలికీ వినపడుతుంది.

వాడటు వెళ్లాక పిన్నికి ఏడుపొచ్చింది. మిషన్ పోతే ఆ ఇంట్లో ఇద్దరు కలిసి మోయాల్సిన వస్తువే ఉండదు. ఇంక వరదొచ్చినా అక్కతో పనేముంది? ఎందుకు పిలిచానా అనుకుంది. పిలిచాక వద్దనడానికి మొహం చెల్లలేదు.

అప్పుడు మోగింది గరిటె.

పిన్ని గబగబా బయటికొచ్చి, నాలుగు మెట్లెక్కి గోడ మీదుగా చూసింది. వాగులో రాళ్లు తేలి ఉన్నాయి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి దాటుతున్నారు. కొండల మీద మచ్చుకైనా మబ్బు లేదు. మెట్ల పైన అక్క, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఆయాసపడుతోంది.

"నీళ్లొస్తున్నాయే" అంది అక్క. "మిషన్ ఎక్కించాలి."

పిన్ని వాగుని చూసింది, అక్కని చూసింది. "అవునక్కా, వచ్చేట్టే ఉన్నాయి" అంది.

అక్క కమ్మీ పట్టుకుని మెల్లగా దిగొచ్చింది. ఇద్దరూ పట్టుకున్నారు. సగం మెట్లకే ఊపిరాడక దించి, మిషన్ని చెరోవైపు ఆనుకుని కూర్చున్నారు. ఈలోగా బండి వచ్చింది. "ఇదేంటి పిన్నీ?" అన్నాడు పాత సామాన్లవాడు.

"వరదొస్తుంటే కనపడ్డం లేదూ?" అంది అక్క.

వాడు ఆకాశం చూశాడు, వాగు వైపు చూశాడు. "పోనీ నేనో చెయ్యి వెయ్యనా?" అన్నాడు. ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. వాడు బండి తిప్పుకుని పోయాడు.

పైకి చేర్చి కిటికీ పక్కన, అక్క మంచానికి దగ్గరగా పెట్టారు. అక్క కళ్లజోడు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించింది. చిరుగుల దుప్పటి ఒకటి తెచ్చి పిన్ని ఒళ్లో పడేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"కుట్టు. వారమైంది కింద చప్పుడు లేక. నాకు కంటిమీద కునుకు లేదు."

పిన్ని దుప్పటి సూది కింద పెట్టింది. కాలు ఆడలేదు.

"కుట్టవేం?" అంది అక్క, గోడతోనే.

పిన్ని తొక్కింది. ఒక చిరుగు పూర్తయ్యేలోపే అక్క గురక మొదలైంది. చిరుగులన్నీ అయిపోయాయి. ఆపితే అక్క లేస్తుందని, పిన్ని దుప్పటి తిప్పుకుని బాగున్న అంచు మీదే మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.