పేరు చెప్పి చంపరా!

పేరు తెలియకుండా ఏ పురుగునూ చంపకూడదన్నది వదిన సిద్ధాంతం. తెలిశాక చంపొచ్చా అని ఎవరైనా అడిగితే, "తెలిశాక నీకే చంపబుద్ధి కాదు, పో!" అని కసురుతుంది. మ్యూజియంలో పురుగుల విభాగానికి ఆవిడే పెద్ద. సగం జీవితం ఆవగింజంత పెంకు పురుగుల కాళ్ళ మీది వెంట్రుకలు చూడటంలో గడిచింది. మిగతా సగం మనుషుల మీద మండిపడటంలో గడిచింది. లక్కపురుగుల్లో ఎన్ని రకాలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పక్కింటాయన పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు.

అలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి ఒక మరిదిని ఇచ్చాడు. అతను పురుగుల మందు కొట్టి బతుకుతాడు.

మరిది కొట్టు బస్టాండు వెనక వీధిలో ఉంది. బోర్డు మీద ఒక బొద్దింక వెల్లకిలా పడి ఉంటుంది. బోర్డు పెట్టిన రోజునే వదిన దాని ముందు స్కూటరు ఆపింది.

"ఏరా, దానికి నాలుగే కాళ్ళేశాడేంటి?"

"చచ్చిపోయింది కద వదినా."

"చస్తే కాళ్ళు రాలిపోతాయా? మీ పెయింటరు తాత పోయినప్పుడు ఎన్ని కాళ్ళతో పోయాడో అడుగు."

మర్నాటికి బొద్దింకకు ఇంకో రెండు కాళ్ళొచ్చాయి. మరిది ఆవిడకు ఎదురుచెప్పలేడు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి అతను నిక్కర్లేసుకునేవాడు. ఎక్కాలు ఆవిడే నేర్పింది, ఎక్కం తప్పిన ప్రతిసారీ చెవి మెలిపెట్టింది. ఇప్పటికీ చెవి అందేంత దూరంలోనే ఉంటారు. కింద వాటాలో అన్న, పై వాటాలో తమ్ముడు.

ఇంట్లో చీమ కూడా స్వేచ్ఛగా చావడానికి లేదు. ఒకరోజు మరిది భార్య చక్కెర డబ్బా చుట్టూ చేరిన చీమల్ని తడిగుడ్డతో తుడవబోయింది. వెనకనుంచి ప్రశ్న వచ్చింది.

"ఏ చీమ?"

"నల్ల చీమే అక్కా."

"రంగెవరడిగారు? పేరు చెప్పు."

"అక్కా, కాఫీకి చక్కెర కావాలి."

"వాటికీ కావాలి. మూత బిగించడం చేతకాక తుడుస్తానంటావా? తప్పు నీది, చావు వాటికా!"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్ని డబ్బాలకూ మూతలు బిగిసిపోయాయి. ఎంత బిగిసిపోయాయంటే, అవి తియ్యడానికి మరిది కొట్టునుంచి రావాల్సి వచ్చేది.

మరిది ఒక్కసారి మాత్రం తెగించి అడిగాడు. "మీరు మాత్రం సూదులు గుచ్చి పెట్టెల్లో పెట్టట్లేదా వదినా? అవేమన్నా ఆత్మహత్యలు చేసుకున్నాయా?"

"నేను చంపుతాను. పేరుపెట్టి, ఎక్కడ దొరికిందో రాసి, నూరేళ్ళు కాపాడతాను. ఆ ఒక్కదాన్ని చూసి మిగతా వాటిని ఎలా బతికించాలో తెలుసుకుంటాం. నువ్వు చీపురుతో ఊడ్చి చెత్తలో పారేస్తావు. నాకూ నీకూ పోలికేంట్రా?"

ఇంటివరకైతే సర్దుకునేవాడే. అతను పనిచేసే చోటికి కూడా ఆవిడ రావడం మొదలుపెట్టింది. ఒక వకీలుగారి పుస్తకాల గదిలో మందు కొట్టడానికి మరిది తలుపులు బిగించుకున్నాడో లేదో, బయటినుంచి దబదబా బాదుడు. తలుపు తీస్తే భూతద్దం మెడలో వేలాడేసుకుని వదిన!

"ఎవర్నిరా చంపుతున్నావు?"

చప్పుడుకి వచ్చిన వకీలు సమాధానం చెప్పాడు. "వెండి పురుగులమ్మా. పుస్తకాలు తినేస్తున్నాయి."

"అవి తింటున్నది మీ చెమ్మని. ఈ గోడలో గొట్టం కారుతోంది, మీకు ముక్కు లేదా? కిటికీ తెరిచి ఎన్నేళ్ళయింది? ఇన్ని కేసులు వాదించారు, సాక్షిని విచారించకుండా ఉరి వేస్తారా?"

వకీలు జీవితంలో మొదటిసారి ఎదుటి పక్షం మాట ఒప్పుకున్నాడు. గొట్టం బాగుచేయించాడు, కిటికీలు తెరిపించాడు, పురుగులు వాటంతటవే పోయాయి. వాటితో పాటు మరిదికి రావాల్సిన పని కూడా పోయింది. బేకరీ గోదాములోనూ అంతే, బట్టలకొట్టు నేలమాళిగలోనూ అంతే. మందు కలిపి, తలుపు మూసి, గొట్టం ఎత్తేసరికి ఆవిడ ప్రత్యక్షం. ఊళ్ళో వాళ్ళు "పిచికారీ వచ్చాడు, వెనకే అరుపులొస్తాయి" అనుకునే స్థితి వచ్చింది.

మరిది అన్న దగ్గర మొత్తుకున్నాడు. "అన్నయ్యా, నా పొట్ట కొడుతోంది వదిన. నువ్వైనా చెప్పవా?"

అన్నయ్య ఆదాయపు పన్ను లెక్కలు రాసే మనిషి. పేపరు దించకుండానే జవాబిచ్చాడు. "ఆవిడకి పేరు తెలిసిన పురుగుల్లో నేనూ ఒకణ్ణిరా. అందుకే బతికున్నాను. మధ్యలో నన్ను లాగకు."

అటువంటి రోజుల్లో ఊరి చివరి పెద్ద అపార్టుమెంట్ల నుంచి కబురొచ్చింది. ఏడాది పొడుగునా పని. అది దొరికితే కొట్టు నిలబడుతుంది. దొరక్కపోతే మరిది కొట్టుకి తాళం పెట్టి మామగారి రంగుల దుకాణంలో కూర్చోవాలి. మామగారు అప్పుడే ఒక స్టూలు కొనిపెట్టి, దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వట్లేదని కూడా తెలిసింది.

"వదినకి తెలియకూడదు," అన్నాడు భార్యతో.

"నేను చెప్పను. మీరు నిద్రలో కలవరించకండి, కింద వాటాకి వినిపిస్తుంది."

అపార్టుమెంట్ల సంఘానికి అధ్యక్షుడు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఈల ఇంకా మెడలోనే ఉంది. ఆయన మరిదిని వెనకవైపు పాత ఇటుక గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. గోడ నిండా సన్నటి కన్నాలు. ఒక్కోదానిలోంచి ఒక్కో తేనెటీగ వచ్చిపోతోంది. చుట్టూ పదిమంది నివాసులు కోపంగా నిలబడ్డారు.

"పిల్లలాడుకునే చోటిది. ముందు ఈ గోడ సంగతి తేల్చు. తేలిస్తే ఏడాది పని నీదే," అన్నాడు మాస్టారు.

మరిది పంపు భుజానికెత్తుకున్నాడు. గొట్టం సవరించాడు. అప్పుడు గోడ అవతలినుంచి ఒక గడ్డి టోపీ మెల్లగా పైకి లేచింది.

"పేరు చెప్పు," అంది టోపీ.

మరిది గొట్టం వెనక దాచుకున్నాడు. "మీ... మీరిక్కడ..."

"నెల్లాళ్ళుగా ఇక్కడే చస్తున్నాను. ఈ గోడలో ఎవరెవరు కాపురముంటున్నారో చూస్తున్నాను. పేరు చెప్పి చంపరా!"

"ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు మాస్టారు.

"నాకు తెలియదండీ," అన్నాడు మరిది.

"తెలియదా? ఆ చెవి ఇటు తే!"

వదిన చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చింది. ఆపబోయిన వాచ్‌మన్ ఆవిడ మొహం చూసి సెల్యూట్ చేశాడు. వస్తూనే నివాసుల మీద విరుచుకుపడింది.

"ఇవి తేనెపట్టు పెట్టే తేనెటీగలు కావు. గుంపు లేదు, రాణి లేదు, కాపలా లేదు. ఒక్కో తల్లి ఒక్కర్తే మట్టి మోసుకొచ్చి, గది కట్టి, పుప్పొడి సర్ది, గుడ్డు పెట్టి, వాకిలి మూసి పోతుంది. మీ మేడల మీద కుండీల్లో కాయలు ఎవరి పుణ్యాన కాస్తున్నాయనుకున్నారు? మీ సంఘం తీర్మానం చేస్తే కాస్తున్నాయా?"

"కుడితేనో?" అంది ఒకావిడ.

"పనిమాలా వచ్చి కుట్టవు. మగవాటికైతే ముల్లే లేదు. మొహం మీద తెల్లటి నూగుంటే మగది."

"అని మీరంటే సరిపోయిందా?" అని మాస్టారు, అలవాటుకొద్దీ, ఈల ఊదాడు.

ఊదకుండా ఉండాల్సింది. వదిన మీద అంతవరకూ ఎవరూ ఈల ఊదలేదు. ఆవిడ కోపం నెత్తికెక్కింది. నుదుటి మీదున్న కళ్ళద్దాలు కిందకి దించుకోవడం కూడా మరిచిపోయింది. ఒక కన్నంలోకి దూరబోతున్నదాన్ని గభాలున పట్టుకుని, పిడికిలి బిగించి, మాస్టారి ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదిగో మగది! కుట్టమనండి, చూద్దాం!"

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. వదిన నవ్వింది.

మరిది ఆ నవ్వుని అనుమానంగా చూశాడు. ఆవిడ నవ్వడం అతనెప్పుడూ చూడలేదు. పెళ్ళి ఫోటోలో కూడా ఫోటోగ్రాఫర్ మీద కోపంగానే ఉంటుంది. మరిది ఆ కన్నం కేసి చూశాడు. గుమ్మంలో తడి మట్టి. మట్టి మోసే మగాడు ఈ జాతిలో పుట్టలేదని ఆవిడే వందసార్లు చెప్పింది. అంటే పిడికిలిలో ఉన్నది తల్లి. అది ఒకసారి కుట్టి చచ్చే రకం కూడా కాదు.

వదిన నవ్వు ఇంకాస్త పెద్దదైంది.

"ఏమయ్యా," అన్నాడు మాస్టారు, "నువ్వు ఈ పనిలో ఉన్నవాడివి. ఆవిడ చెప్పేది నిజమేనా?"

కుట్టిందండీ అన్న ఒక్క మాట చాలు. గోడ అతనిది, ఏడాది పని అతనిది, మామగారు స్టూలు అమ్ముకోవచ్చు. పైగా ఇన్నాళ్ళ కోపం గొంతుదాకా వచ్చి ఉంది. మరిది నోరు తెరిచాడు. వదిన నుదుటి మీద చెమట కనిపించింది. ఎందుకన్నాడో తెలియదు గాని, అనేశాడు.

"నిజమేనండీ. చేత్తో పట్టుకుని నలిపితే తప్ప ఆడవి కూడా కుట్టవు. గోడ జోలికి పిల్లల్ని వెళ్ళనివ్వకండి చాలు. ఇక్కడ మందు అక్కర్లేదు." అని పంపు కింద పెట్టాడు.

వదిన పిడికిలి విప్పింది. తేనెటీగ ఏమీ జరగనట్టు తన కన్నంలోకి వెళ్ళిపోయింది.

"మందే అక్కర్లేకపోతే నువ్వెందుకిక? మాట్లాడుకుని చెబుతాం, వెళ్ళు," అన్నాడు మాస్టారు.

మరిది నడుపుతున్న స్కూటరు మలుపు తిరిగాక వెనక కూర్చున్న వదిన పళ్ళు బిగించి, "ఆడదిరా!" అంది.

"తెలుసు."

"తెలిసీ చెప్పలేదేం, మూర్ఖుడా? నీ పని పోయింది కదరా!"

"మీవల్లే పోయింది! ఇప్పుడు నన్నే తిడుతున్నారా? బతకనివ్వరా నన్ను?" అని మరిది నడివీధిలో గావుకేక పెట్టాడు. వెనకనుంచి వదిన అంతకన్నా పెద్ద కేక పెట్టింది. "ముందు చూసి నడుపు! లారీ!"

ఆస్పత్రికి చేరేసరికి వదిన చెయ్యి పూరీలా పొంగింది. డాక్టరమ్మ చేతి కన్నా ముందు మరిదిని చూసింది.

"ఈయనేనా మీ మరిది? చివరికి దొరికాడన్నమాట! ఏవయ్యా, నీకు రక్తపరీక్ష చెయ్యాలని మీ వదిన వచ్చినప్పుడల్లా నా ప్రాణం తోడేస్తోంది. మీరు కొట్టే ఆ మందులున్నాయే, అవి పురుగు నరాలని ఎలా పట్టుకుంటాయో మనిషి నరాలనీ అలాగే పట్టుకుంటాయి. మూసిన గదుల్లో మాస్కు లేకుండా కొడతావట?"

"నువ్వు ముందు నా చెయ్యి చూడు తల్లీ," అని వదిన అరిచింది. అరుపులో ఎన్నడూ లేని కంగారు.

మరిది కుర్చీలో కూలబడ్డాడు. వకీలు గది. బేకరీ గోదాము. నేలమాళిగ. గాలాడని గదులన్నింటికీ ఆవిడ వచ్చింది. ఆరుబయట చెదలకి మందు కొట్టినప్పుడు ఒక్కసారీ రాలేదు.

"వదినా... నా కోసమా?"

"మాస్కు పెట్టుకోరా అంటే మీసం నలుగుతుందన్నావు. నీ ఊపిరి సంగతి చెబితే ఇకిలించావు. పురుగు సంగతి చెబితే కనీసం కోపమొచ్చి పంపు కింద పెడతావు. ఏం చేసి చావమంటావు?"

మరిది కళ్ళు తుడుచుకోబోయి ఆగాడు. "గోడ దగ్గర గాలి బాగానే ఉంది కదా మరి?"

"అక్కడికి నిజంగా తేనెటీగల కోసమే వచ్చాన్రా. నువ్వే అడ్డమొచ్చావు!"

నర్సు రక్తం తియ్యడానికి సూది తెచ్చి మరిది చెయ్యి చాపించింది. అప్పుడే ఫోను మోగింది. డ్రిల్లు మాస్టారు.

"ఇదిగో, మాట్లాడుకున్నాం. మందు అమ్ముకునేవాడు మందు అక్కర్లేదని చెప్పడం మేమెక్కడా చూడలేదు. ముందు చూసి, తప్పనిసరైతేనే కొట్టు. ఏడాది పని నీకే. ఒక్క షరతు. ఆవిడ మా గేటు దాటి లోపలికి రాకూడదు."

ఇలాంటి మాట ఎవరైనా అంటే బాగుండునని మరిది ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు వినపడ్డాక వదిన వాచిన చెయ్యి కేసి చూశాడు.

"కుదరదండీ. ఏది చంపాలో, ఏది వద్దో చెప్పేది ఆవిడే. ఆవిడ వస్తేనే నేనూ వస్తాను."

అవతల మాస్టారు ఎవరితోనో గుసగుసలాడాడు. ఇవతల నర్సు సూది గుచ్చింది. మరిది కెవ్వుమన్నాడు. వదిన వాచిన చెయ్యి ఊపుకుంటూ లేచింది.

"అలాగేనా గుచ్చేది? మా మరిది చెయ్యమ్మా అది, దిండు కాదు! పెంకు పురుగుని కూడా నేనింత మొరటుగా గుచ్చను! ఇటు తే ఆ సూది!"

"ఏమిటయ్యా ఆ గొడవ?" అన్నాడు మాస్టారు ఫోనులో బెదిరిపోయి. "ఎవర్ని చంపుతున్నారక్కడ?"

"ఎవర్నీ కాదండీ," అన్నాడు మరిది. "మా వదిన నన్ను గారం చేస్తోంది."