టీవీ చదవని పెండ్లి

మెదక్‌లో ఇంద్రకరణ్‌తో పెండ్లి వీడియో తీయించుకోవాలంటే ముందు అతని గొప్పలు వినాలి. వీడియో క్యాసెట్ల కాలంలో పందిళ్లలో లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి, ఇవాళ చర్చి రోడ్డులో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. "నా వీడియోల తలంబ్రాల బియ్యం గింజ గింజ కనవడ్తది" అంటాడు. కనబడుతుంది కూడా. అంత పనిమంతుడికి ఆ మాత్రం నోరుంటే తప్పేమిటి?

అలాంటివాడిని నెలల తరబడి ఒకటే గుబులు తినేసింది. ఖిల్లా కింది వాడకట్టులో పెంటమ్మ బిడ్డ అరుణ పెండ్లి తీశాడు. పెంటమ్మ బీడీలు చుట్టి ఒంటిచేత్తో బిడ్డను సాకింది. తీరా పెండ్లినాడు, భర్త లేని మనిషి పీటల మీద కూర్చోకూడదన్నారు. తమ్ముడు రాజేందర్, మరదలు కన్యాదానం చేశారు. ఆమె వంటల దగ్గరే ఉండిపోయింది. బిడ్డ పెండ్లిని కంటితో చూడలేదు. అది గమనించిన ఇంద్రకరణ్ ఆ వీడియోను అచ్చంగా ఆమె కోసమే చేశాడు. పంతులు కండువాకు చిన్న మైకు కూడా తగిలించాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాక ఫోను వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఒక్క మంచి మాటకైనా నోచుకోలేదా అని ఇంట్లో భార్య దగ్గర వాపోయాడు.

మొన్న అదే వాడకట్టులో ఓ పసిబిడ్డను తొట్టెలలో వేసే ఫంక్షన్ తీయడానికి వెళ్తే, పెంటమ్మ చూసి చాయ్ తాగి పొమ్మని పిలిచింది. ఇంద్రకరణ్ ఉండబట్టలేక అడిగేశాడు.

"వీడియో ఎట్లున్నదక్కా?"

పెంటమ్మ దేవుని గూడు వైపు చూపించింది. ఎల్లమ్మ పటం పక్కన పెన్‌డ్రైవ్, దానికి పసుపు కుంకుమ బొట్టు.

"మస్తు పైలంగ దాసిన తమ్మీ. టీవీకి వెడితే ఏందో ఇంగ్లీషుల రాసొస్తది, ఆగిపోతది. నీకు జెప్తే మనసు కష్టవెట్టుకుంటవని ఊకున్నం."

"నేను ఫోన్ల జూసి ఫైలు పేరు గూడ మార్చిన. అయినా రాలే" అన్నాడు అక్కడే కూర్చున్న తమ్ముడు రాజేందర్. పేరు మారిస్తే టీవీ మోసపోతుందా?

ఇంద్రకరణ్‌కు తల కొట్టేసినట్టయింది. స్టూడియో కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడే ఫైలునే తెచ్చి చేతిలో పెట్టాడు. మీ ఇంట్లో ఏ టీవీ ఉందని ఒక్క మాట అడగలేదు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి కింద చాప మీదే కూర్చున్నాడు.

"బొమ్మ మంచిగనే ఉన్నదక్కా. దాన్ని వెట్టిన డబ్బ మీ టీవీకి తెరువస్తలేదు. జర ఆగు, డబ్బ మారుస్త."

లోపలి బొమ్మను ముట్టుకోకుండా ఫైలును మామూలు టీవీలు చదివే ఎంపీ4 రకంలోకి మార్చి టీవీకి పెట్టాడు. తెర మీద బాసికంతో అరుణ ముఖం నిండుగా వచ్చింది. సౌండు మాత్రం లేదు. పెంటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కదలకుండా చూసింది.

"గింత సాలు తమ్మీ. బిడ్డ పెండ్లి జూసిన."

"సాలదక్కా" అని మొండికేశాడు ఇంద్రకరణ్. బొమ్మ వచ్చింది గానీ, సౌండు ఇంకా స్టూడియో రకంలోనే ఉంది. దాన్ని కూడా టీవీకి పడే రకంలోకి మార్చడం మొదలుపెట్టాడు. ఈలోగా తొట్టెల ఇంటి నుంచి కెమెరా ఆయన ఏడీ అని కేకలు. "వస్తున్న!" అని అరిచాడే గానీ లేవలేదు. చాయ్ చల్లారిపోయింది.

మళ్లీ పెట్టాడు. ఈసారి బాజాలు మోగాయి. పంతులు గోత్రం చెప్పి, పోయిన తండ్రి పేరు చదివాడు. అంతలో అరుణ అతని వైపు వంగింది.

"పంతులుగారూ, మా అమ్మ పేరు గూడ సదువుండ్రి. నన్ను వెంచింది ఆమెనే. నేను పెంటమ్మ బిడ్డను."

పంతులు కాస్త తటపటాయించాడు. తర్వాత తండ్రి పేరు పక్కన పెంటమ్మ పేరు కలిపి మొదటి నుంచీ చదివాడు.

"బాజాల మోతకు పక్కన కూసున్న నాకే ఇనవడలే!" అన్నాడు రాజేందర్.

ఇంద్రకరణ్ తెర మీద పంతులు కండువాకున్న చిన్న మైకును వేలితో చూపించాడు. ఇన్నేళ్ల పనిలో ఇంత గర్వం అతనికి ఎన్నడూ కలగలేదు. అయినా గొప్పలు చెప్పుకునే ఆ మనిషి, చల్లారిన చాయ్ అందుకుని గుటగుటా తాగాడు.

పెంటమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. వీధి తలుపు బార్లా తెరిచింది.

"తమ్మీ, మల్ల మొదటికెల్లి వెట్టు. రాజేందరూ, సౌండు వెంచు. వాడకట్టంత ఇనాలె."