మునగచెట్టు మీది గోరింకలు

మొన్న మంచిర్యాలలో పక్కింటి కోడలు బాల్కనీలో పిట్టల కోసం చెక్కపెట్టె బిగించి, బాగుందా ఆంటీ అని నన్ను పిలిచి చూపించింది. బాగుందన్నాను. కానీ దాని గుండ్రటి కన్నం చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాను.

తెలంగాణ రాకముందు మాట. నేను గోదావరిఖనిలోని బొగ్గుగని కంపెనీ క్వార్టరుకు కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఎండాకాలం. మామయ్యది బొగ్గుబాయిలో పని. ఇంట్లో ఖాళీగా కూర్చోలేని మనిషి. పనికిరాని చెక్కలు కలిపి ఒక పెట్టె కొట్టి, పెరట్లో మునగచెట్టుకు కట్టారు. అందులో గోరింకలు కాపురం పెట్టాయి. మెడలో తులసిపూసలు వేసుకుని, చీమల్ని కూడా ఊది పక్కకు జరిపి ముగ్గు వేసే మా అత్తమ్మకు వాటి మీద ఒకటే కోపం, వడియాలు పాడుచేస్తున్నాయని. "కోడలొకతి సాలదని గీ గోరెంకలకు గూడ కాన్పులు చెయ్యాల్నా?" అని తిడుతూనే గోడ మీద గుప్పెడు మెతుకులు పెట్టేది.

మూడు పిల్లలు. రెక్కలు నిండాక ఒక్కొక్కటే కన్నం దాకా వచ్చి, టపటపా కొట్టుకుని, భయపడి లోపలికి పోయేవి. తల్లీతండ్రీ ముక్కున పురుగు పట్టుకుని, పెట్టకుండా, గోడ మీది నుంచి రమ్మని అరిచేవి. "ఇయ్యాలో రేపో పోతయి, సూడు" అంది అత్తమ్మ.

ఆ మధ్యాహ్నం ఒక పిల్ల కన్నం అంచున సగం బయటికి వంగింది. సరిగ్గా అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ మోగింది. ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి. పిల్ల గబుక్కున లోపలికి దూరింది. అదే సమయంలో చెట్టు మొదలు నుంచి జెర్రిపోతు పైకి పాకుతోంది. పెద్ద గోరింకలు రెండూ దాని కళ్ల మీద పడి పొడిచాయి. అది ఆగలేదు. తల కన్నంలోకి దూర్చింది. లోపల కీచుమన్న గొంతుల్లో ఒకటి టక్కున ఆగిపోయింది.

అత్తమ్మ గెడకర్రతో పెట్టెను లాగి కిందపడేసింది. పెట్టె పగిలి, ఒక పిల్ల చెక్క కింద నలిగిపోయింది. పాము నోట్లోంచి ఇంకో పిల్ల కాళ్లు వేలాడుతున్నాయి. అత్తమ్మ గడ్డపార ఎత్తింది. మొదటి దెబ్బ బండకు తగిలి నిప్పులు రాలాయి. రెండో దెబ్బకు పాము నడుం విరిగింది. అది ఆమె కాలికి చుట్టుకుంటే విదిలించి మళ్లీ కొట్టింది. కొడుతూనే ఉంది. చీర నిండా నెత్తురు.

"సచ్చిపాయె అత్తమ్మా, సాలు!" అని చెయ్యి పట్టుకుంటే నన్ను తోసేసింది.

మూడో పిల్ల దుమ్ములో పరుగెత్తుతుంటే కాకి వచ్చి రెక్క పట్టుకుంది. నేను ఉరికి దాన్ని లాక్కున్నాను. కాకి నా మణికట్టును చీల్చింది. పిల్లను గంప కింద మూసి, పక్కనే కూలబడ్డాను.

షిఫ్టు దిగి వచ్చిన మామయ్య పెరడు చూసి నిలబడిపోయారు. "ఏమైందే?"

"సంపిన" అంది అత్తమ్మ. "అది గూడ ఆకలికే అచ్చింది గదా."

ఆయన గొయ్యి తవ్వి పామునీ పిల్లల్నీ కలిపే పూడ్చారు. అత్తమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

తెల్లారి గంప ఎత్తితే, పిల్ల గోడ ఎక్కబోయి రెండుసార్లు జారిపడింది. మూడోసారి ఎక్కి, తల్లీతండ్రీ వెంట ఎగిరిపోయింది. అత్తమ్మ చూసింది గానీ నవ్వలేదు. మామయ్య మళ్లీ పెట్టె కడతానంటే వద్దంది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు ఓపెన్‌కాస్టులో కలిసిపోయాయి. అత్తమ్మ లేదు. చచ్చినదాన్ని ఎందుకు అంతసేపు కొట్టావని ఆమెను అడగాలని చాలా ఏళ్లు అనుకున్నాను. అప్పటి ఆమె వయసు ఇప్పుడు నాకొచ్చింది. కాలం ఆ జవాబు చెప్పలేదు గానీ, అడగాలన్న కోరికను మాత్రం మెల్లగా తీసుకుపోయింది.