ఉప్పు ముగ్గు

మా ఇంటి పెద్దామె మధ్యాహ్నం అసర్ నమాజు ముగించుకుని ఖర్జూరాలు, కహ్వా కాఫీ ముందేసుకుని కూర్చునే వేళకు నా ఫోన్ మోగేది. కెనడాలో చెల్లెలికి అప్పుడే తెల్లవారబోతుండేది. ఒమన్‌లో, అల్ అమెరాత్‌లోని ఈ ఇంట్లో మేమిద్దరం పనిచేస్తూ వంటగది వెనక ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. పెద్దామె కూతురికి అక్కడ కాన్పయితే సాయానికి చెల్లెల్ని పంపారు. మంచు కరిగేలోపు వచ్చేస్తానని చెప్పి వెళ్లింది. నేను ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను.

రోజూ నాకు ఫోన్‌లో చలికాలం చూపించేది. గడ్డకట్టిన నది, దాని అవతల మసకమసగ్గా దీపాలు. ఆ ఒడ్డు అమెరికా అట. అంత గొప్ప దేశమని చలి వాళ్లకేమీ తగ్గించలేదని నవ్వేది. మంచు చప్పుడు లేకుండా పడుతూనే ఉండేది. ఇస్త్రీ బట్టలు పక్కన పడేసి చూస్తూ ఉండిపోయేదాన్ని. తర్వాత డాబా ఎక్కితే ఎదురుగా ఉన్న బోడికొండలు కూడా తెల్లగా కనిపించేవి. ఇదేం పిచ్చి అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని గానీ, చూడటం మానలేదు.

వెళ్లిన మర్నాడే అది ఘనకార్యం చేసింది. ఇక్కడ పొద్దున్నే లేచి గేటు ముందు దుమ్ము కడగడం మా డ్యూటీ. ఆ అలవాటుకొద్దీ అక్కడా బకెట్టుతో నీళ్లు తెచ్చి మెట్లమీద కుమ్మరించింది. చీపురు తెచ్చేలోపు మెట్లన్నీ అద్దమైపోయాయి. ఇంటిల్లిపాదీ గడప దాటలేక కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారట. మేడమ్, అదే పెద్దామె కూతురు, తిట్టలేదు. ఇలాంటి చోట మంచు మీద ఉప్పు చల్లాలని చెప్పి, ఒక బస్తా చూపించింది. మాకు తెలిసిన ఉప్పు కూరల్లోకే.

చలికాలం సగమయ్యాక, మేడమ్ అక్కడే ఉండిపొమ్మంటోందని చెప్పింది. నువ్వేమన్నావంటే, ఆలోచిస్తున్నానంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఖాళీ మంచం మీద దాని దుప్పటి నేనింకా తీయలేదు. సెలవురోజు, శుక్రవారం, ఒక్కదాన్నే కూర్చుని టీ తాగడం ఎలా ఉంటుందో అది ఎరగదా?

ఒకరోజు ఫోన్ కిందికి వంచింది. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న దాని రూమ్‌కు పక్కనుంచి వేరే తలుపుంది. ఆ తలుపు ముందు, పలుచగా పేరుకున్న మంచు మీద, వేళ్ల సందుల్లోంచి ఉప్పు జారవిడుస్తూ ముగ్గు వేసింది. ఉప్పు పడిన చోటల్లా మంచు కరిగి కింది గచ్చు నల్లటి గీతలుగా తేలింది. మా అమ్మ వేసే పద్మమే.

"చూడక్కా, నా వాకిలి," అంది.

"బాగుండాది పాపా," అన్నాను.

ఇన్నేళ్లలో ఇక్కడ మేమెప్పుడూ ముగ్గు వేయలేదు. ఎవరూ వద్దనలేదు. మాకంటూ ఒక వాకిలి లేదు, అంతే. వస్తావా అని ఇక దాన్ని అడగలేదు. ఆ సాయంత్రం దాని దుప్పటి ఉతికి, మడిచి, అలమరాలో పెట్టాను.