కాశమ్మ మేడ మీది వాతావరణం

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధివాళ్లు వాన సంగతి తెలుసుకోవడానికి టీవీ పెట్టరు, కాశమ్మ మేడ వంక చూస్తారు. ఆవిడ గుమ్మడి వడియాలు పెట్టిందంటే వాన పడి తీరుతుందని వాళ్ల నమ్మకం. వెంటనే తీగల మీది దుప్పట్లు లోపలికి పోతాయి. హార్బరు నుంచి చేపలు పట్టే నూకాలు ఫోన్ చేసి మరీ అడుగుతాడు: "పిన్నీ, ఈ వారం ఏటైనా పెడతన్నావేటి? వేటకెల్లాల."

ఈ కార్తీకమాసంలో సముద్రంలో అల్పపీడనం మీద అల్పపీడనం. మరో రెండు వారాలు ఇంతేనని ఫోన్లన్నీ చెబుతున్నాయి. పక్కింటి గవర్రాజు కూతురు హిమబిందు పెళ్లేమో వచ్చేవారమే. పిల్లల్లేని కాశమ్మ చేతుల్లోనే ఆ పిల్ల పెరిగింది. సారెలో తన వడియాలు పంపాలని ఆవిడ కోరిక. ఓ పొద్దున కాస్త ఎండ మొహం కనబడగానే పిండి రుబ్బి, మేడ మీద చీర పరిచింది. గవర్రాజు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అత్తా, సెయ్యి తియ్యి! ఏటి సేత్తన్నావ్?"

"నీ కూతురి సారెకి వొడియాలు పెడతన్నాను."

"కింద టెంటు ఏత్తన్నారే! పెళ్లి నీళ్లలో సేయమంటావేటి?"

"అయితే నా తల్లి వొడియాల్లేకుండా అత్తోరింటికెల్తాదా?"

కాశమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. గవర్రాజు తల గోక్కున్నాడు. పిండి చూస్తే పులిసిపోయేలా ఉంది. ఇస్త్రీ బండి సూరన్న కింద నుంచి కేకేశాడు. "బావా, ఇంటింటికీ కాసింత పంచీ! ఎవురు పెడతన్నారో మబ్బుకి తెలీదు."

వీధంతా గిన్నెలు పట్టుకొచ్చింది. ఒకరు ఆటో టాపు మీద, ఒకరు నీళ్లట్యాంకు మూత మీద, సూరన్న తన బండి రేకు మీద పెట్టారు. పాపాయమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని కాసింది. కాశమ్మని మాత్రం తలుపేసుకుని ఇంట్లో కూర్చోమన్నారు, కిటికీలోంచి కూడా పైకి చూడొద్దన్నారు. పక్కనే ఉన్న గోపాలపట్నంలో కుండపోత. ఇక్కడ మాత్రం నిఖార్సైన ఎండ. వడియాలు గలగలలాడుతూ ఆరాయి. అందరూ తెచ్చి ఆవిడ డబ్బాలో పోశారు.

పెళ్లి ముందురోజు సాయంత్రం కాశమ్మ దీపం పెట్టి, సింహాద్రి అప్పన్న పటం ముందు నిలబడింది. ఆవిడ మనసు ఆగలేదు.

"తండ్రీ, నీ కళ్లు కప్పినాను. అవన్నీ నా వొడియాలే. తప్పు కాయి."

గుమ్మంలో ఉన్న గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఇప్పుడే సెప్పాలా అత్తా! పెళ్లయ్యాక సెప్పుకుంటే ఆయనేటైనా ఇనడా?"

బయట ఉరిమింది.

వాన దంచేసింది. టెంటు పొట్టలు పొట్టలుగా ఉబ్బితే వీధి మొత్తం కర్రలతో పొడుస్తూ నీళ్లు దింపింది. సూరన్న తన టార్పాలిన్ విప్పి పెళ్లిపీటల మీద కప్పేశాడు, తాను తడుస్తూ. కాశమ్మ డబ్బాను గుండెకు హత్తుకుని పెళ్లికూతురి దగ్గరికి వెళ్లింది.

"కోపమొచ్చిందా తల్లీ?"

గోరింటాకు చేతులతో హిమబిందు మూత తీయలేక నోరు తెరిచింది. కాశమ్మ ఓ పచ్చి వడియం అందించింది. ఆ పిల్ల కరకర నమిలి, "మామ్మా, ఇయి అత్తోరికి పంచను. అన్నీ నాకే," అంది.